వెలగని దండ

“నా చేతి పని మనిషిని కరవదు!”

మేస్త్రి అరచేత్తో బల్ల మీద చరిచాడు. గ్లాసులో టీ తొణికి అల్లుడి ముందున్న మందుల డబ్బా మీద పడింది.

“కరిచింది కదా మావయ్యా,” అన్నాడు అల్లుడు గొంతు పెంచకుండానే. “ఇంకెవర్నో కాదు, నన్నే.”

అతని కుడిచెయ్యి మెడలోంచి వేలాడే గుడ్డలో పసిపిల్లలా పడుకుని ఉంది. నిన్న పొద్దుగూకే వేళ పార్కులో పండగ లైట్ల ఆర్చికి బల్బుల దండ సవరిస్తూ స్టూలు మీంచి విరుచుకుపడ్డాడు. భుజం బెణికింది. ఒళ్లంతా ఇంకా నొప్పులే. అయినా ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అతనిది ఒకటే మాట. ఆర్చి ఇనుములో కరెంటు ఉంది.

“తడిచేత్తో పట్టుకుని ఉంటావు.”

“లేదు.”

“స్టూలు జారి ఉంటుంది. పడ్డవాడల్లా కరెంటు మీదకి తోసెయ్యడమే.”

“జారితే కిందపడతాను మావయ్యా. పడేముందు ఎవరో చెయ్యి పట్టుకుని గుంజినట్టు ఎందుకుంటుంది? వదుల్దామంటే వేళ్లు విడిపోలేదు. ట్రిప్ స్విచ్ పడి కరెంటు పోయింది కాబట్టి ఇవాళ మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను. లేకపోతే...”

“ఆ మాటలెందుకు బాబూ ఇప్పుడు,” అంది అత్తగారు స్టవ్ దగ్గర్నుంచి, ఇటు తిరక్కుండానే.

మేస్త్రి టీ తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

“పొద్దున్నే వెళ్లి నేను స్వయంగా చూసొచ్చాను. బోల్టు దగ్గర పెయింటు గీకి మరీ టెస్టర్ పెట్టాను. ఒక్కసారి వెలిగితే ఒట్టు. ఎప్పట్లాగే అల వచ్చినట్టు లైట్లు ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెడుతున్నాయి. ఒక్క దండ వెలగట్లేదు, అంతే. ఏ బల్బో మాడి ఉంటుంది.”

“అంటే నేను అబద్ధమాడుతున్నానా?”

మేస్త్రి గ్లాసు పక్కకి నెట్టాడు. అదే జవాబైంది.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ కూతురు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. చిన్నప్పుడు నిచ్చెన ఎక్కితే దిగేది కాదని తండ్రి ఆమెను పిచ్చుక అన్నాడు. పెళ్లయినా ఆ పేరు వదల్లేదు, కట్టుకున్నవాడూ అలాగే పిలుస్తాడు. షెడ్డులో లైట్లని వరసగా వెలిగించి ఆర్పే కంట్రోలర్ పెట్టెలు కట్టేది ఆమె. ఆర్చీలు నిలబెట్టి వైర్లు కలిపేది తండ్రి. దండలు చుట్టేది మొగుడు. ముగ్గురి చేతులూ పడితేనే ఒక్క ఆర్చి వెలుగుతుంది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇన్నాళ్లూ ఆ సామెత వింటే నవ్వొచ్చేది. ఇవాళ రావడం లేదు.

ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతుంటే బాగుండుననిపించింది ఆమెకి. అబద్ధమైతే నాలుగు గోడల మధ్యే తేలిపోతుంది. తండ్రీ నిజమే చెబుతూ, మొగుడూ నిజమే చెబుతూ ఉంటే మాత్రం ఆ ఇనుములో కరెంటు వచ్చి పోతూ ఉందన్నమాట. ఉన్నదాన్ని పట్టుకోవచ్చు. వచ్చిపోయేదాన్ని ఎక్కడని పట్టుకోవడం?

“నేను చూసేదాకా పార్కులో లైట్లు వెయ్యొద్దు,” అంది. “ఆర్చిని ఎవరూ ముట్టుకోవద్దు.”

“ఎవరికే చెబుతున్నావు?” అన్నాడు తండ్రి.

“అందరికీ.”

“ఓహో. స్క్రూడ్రైవర్ ఎటు పట్టుకోవాలో నేను నేర్పిస్తే, నా పనికి నువ్వు పరీక్ష పెడతావా? బాగుంది! గురువుకే...”

మాట పూర్తికాలేదు. దగ్గు తెర కమ్ముకొచ్చింది. ఊపిరితిత్తులకి పట్టిన జబ్బు మందులతో లొంగుతోంది గానీ, కోపం వస్తే మాత్రం దగ్గు తన హక్కు తాను వసూలు చేసుకుంటుంది. తల్లి పరుగున వచ్చి మాత్రలూ నీళ్లూ చేతికిచ్చింది. ఆయన మింగి, ఎవరి వంకా చూడకుండా లేచి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

“నువ్వు కూడా అలా ముఖం మీద అనెయ్యాలా?” అంది తల్లి.

“మరెలా అనాలమ్మా?”

తల్లి ఆ మాట వదిలేసి అల్లుడి వైపు తిరిగింది. “సాయంత్రం మిమ్మల్ని ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను బాబూ. భుజానికి వ్యాయామం చేయిస్తామన్నారుగా. ఎలాగూ ఇవాళ అక్కడ మీ మావయ్యగారి లైట్లు మొదలుపెడుతున్నారు. చూసినట్టూ ఉంటుంది.”

తనకి ఊపిరి నిలబెట్టిన ఆసుపత్రని మేస్త్రి ఉచితంగా కట్టి ఇచ్చిన లైట్లు అవి. అల్లుడు తలూపాడు.

గదిలోకి వెళ్లాక అతను అడిగాడు. “నన్ను నమ్ముతున్నావా?”

“నమ్ముతున్నాను.”

“ఆయన్ని?”

పిచ్చుక పనిచొక్కా గుండీలు పెట్టుకుంటోంది. ఒక గుండీ ఎంతకీ కాజాలోకి దూరలేదు.

“ఆయన్నీ నమ్ముతున్నాను.”

“రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందో తెలుసుగా?”

అతను ఎడంచేత్తో ఆ గుండీ తనే పెట్టాడు. పెట్టి, మెల్లిగా అన్నాడు. “రబ్బరు చెప్పులేసుకో. ఎడంచెయ్యి జేబులోంచి తియ్యకు. ఒక్క చెయ్యే వాడు. అది నిజంగానే ఉంది పిచ్చుకా.”

*

పార్కు వాచ్‌మన్ ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు గేటు దగ్గరే నిలబడ్డాడు.

“మీ ఆయన పడ్డప్పుడు ఇక్కడే ఉన్నానమ్మా. నోరు తెరిచాడు గానీ కేక రాలేదు. అది చూసినప్పట్నించీ నాకు కూడు సయించలేదనుకో.” గొంతు తగ్గించాడు. “నా కుక్క ఉందే, అది కూడా దాని కిందనుంచి పోవడం మానేసింది. గడ్డిలోంచి చుట్టు తిరిగిపోతోంది. నోరులేని జీవాలకి తెలుస్తుందంటారు.”

“జనం ఇటు రాకుండా చూడు బాబాయ్.”

“నువ్వు చెప్పాలా? అటు తాడు కట్టేశాను.”

మధ్యాహ్నపు ఎండలో ఆర్చి అమాయకంగా నిలబడి ఉంది. తెల్ల పెయింటు, వెలగని గాజు బల్బులు, కాళ్ల కింద తడిసిన గడ్డి. తను కట్టిన కంట్రోలర్ పెట్టె పక్కనే స్తంభానికి వేలాడుతోంది. ఎన్నిసార్లు తెరిచి మూసిందో ఆ పెట్టెని. ఇవాళ మూత మీద చెయ్యి వెయ్యడానికి ముందు మాత్రం, పరాయి ఇంటి తలుపు తట్టేదానిలా ఆగింది.

మెయిన్ ఆపి లోపలంతా చూసింది. తను బిగించిన స్క్రూలు తను బిగించినట్టే ఉన్నాయి. చెమ్మ లేదు, కాలిన వాసన లేదు. పెట్టెలో తప్పు లేదు. పెట్టెలో లేకపోతే ఇంకెక్కడున్నట్టు?

మెయిన్ వేసింది. బల్బుల వరుసలు ఒకటి ఆరుతూ మరొకటి వెలుగుతూ అల కదిలింది. ఎడంచెయ్యి జేబులో పెట్టుకుంది. తండ్రి పొద్దున గీకిన బోల్టు దగ్గర ఇనుము మెరుస్తోంది. అక్కడే టెస్టర్ మొన ఆనించి, పైన వేలు పెట్టింది.

ఏమీ లేదు.

కాసేపు ఆగింది. ఏమీ లేదు. నాన్నే నిజం, అనుకుంది. ఆ అనుకోవడంలో మొగుడి మీద చిన్న కోపం కూడా కలిసింది.

అప్పుడు టెస్టర్ వెలిగింది.

ఎర్రగా, స్పష్టంగా. చూసేలోగా ఆరిపోయింది.

పిచ్చుక చెయ్యి లాక్కోకుండా ఉండటానికి పళ్లు బిగించింది. మళ్లీ చీకటి. మళ్లీ వెలుగు. మళ్లీ చీకటి. ఈసారి టెస్టర్ని కాదు, తలెత్తి లైట్లని చూసింది.

అల ఈ కొస నుంచి బయలుదేరింది. ఒక్కో దండా వెలుగుతూ వస్తోంది. వచ్చి వచ్చి, వెలగని దండ దగ్గర ఒక్క క్షణం నల్లగా గుటక వేసి, మళ్లీ ముందుకి పోతోంది. ఆ గుటక వేసే క్షణానికే టెస్టర్ వెలుగుతోంది.

దండకి వెళ్లాల్సిన కరెంటు దండకి వెళ్లడం లేదు. ఇనుములోకి వెళుతోంది.

“ఏమైందమ్మా? ముఖం అలా అయిపోయిందేం?” వాచ్‌మన్ దూరం నుంచే అరిచాడు.

“బాబాయ్, నువ్వు అక్కడే ఉండు.”

మెయిన్ ఆపింది. ఫ్యూజు పీకి జేబులో వేసుకుంది. ఆర్చి కాలి దగ్గర కేబుల్ వచ్చి కలిసే చిన్న డబ్బా మూత విప్పింది.

వెతకాల్సిన పనే లేకపోయింది. దండకి కరెంటు తెచ్చే ఎర్రవైరు, ఆర్చి ఇనుముకి తగిలే ఎర్త్ బోల్టు కింద ఉంది. ఎర్త్‌కి పోవాల్సిన ఆకుపచ్చ వైరు దండ కనెక్టర్లో ఉంది. రెండూ ఒకదాని కాపురంలోకి ఒకటి వెళ్లి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి.

ఇది చేసింది ఎవరు?

మొగుడైతే బాగుండునని ఒక్క లిప్తపాటు అనిపించింది ఆమెకి. అనిపించినందుకు సిగ్గేసింది. నల్ల టేపు చుట్టిన తీరు చూసింది. చివర చిన్న మడత. రేపెవరైనా విప్పాల్సి వస్తే గోటికి అందాలని ఆ మడత పెట్టే మనిషిని ఆమె ఒక్కణ్నే ఎరుగును. ఆ మడత పెట్టడం తనకి నేర్పిందీ ఆయనే.

సరే, పొరబడ్డాడు. ఎంతటివాడైనా పొరబడతాడు. కానీ పొద్దున వచ్చి ఇదే బోల్టుకి టెస్టర్ పెట్టాడు కదా! గీకిన గుర్తు ఎదురుగానే ఉంది. ఆయన ఒక్క క్షణం పెట్టి తీసేసే రకం కాదు. టెస్టర్ వెలిగే ఉంటుంది. ఆయన కళ్ల ముందే, ఎర్రగా, మళ్లీ మళ్లీ వెలిగే ఉంటుంది.

మరి ఒట్టు వేశాడే.

వైర్లు మార్చి బిగించింది. ఫ్యూజు పెట్టి మెయిన్ వేస్తే చచ్చిన దండ లేచి వెలిగింది. టెస్టర్ చల్లగా ఊరుకుంది. వాచ్‌మన్ సంతోషంగా తాడు విప్పబోతూ, “తప్పెవరిదమ్మా?” అన్నాడు.

“చూడాలి బాబాయ్,” అంది ఆమె. చూశాక కూడా.

*

షెడ్డులో కిటికీ పక్కన, మిగిలిన కాస్త వెలుతుర్లో తండ్రి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఒక దండ. బల్బులు తడిమి తడిమి చూస్తున్నాడు.

“అమ్మావాళ్లు వెళ్లారా?”

“ఇందాకే వెళ్లారు.” తలెత్తలేదు. “దొరికిందా దొంగ?”

పిచ్చుక చెత్తబుట్టలోంచి రెండు వైరు ముక్కలు ఏరింది. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

“ఆ ఎర్రది ఇలా ఇవ్వు నాన్నా.”

మేస్త్రి చేతులు బల్బుల మీద ఆగిపోయాయి.

“దగ్గరున్నావుగా, తీసుకో.”

“నువ్వివ్వు.”

వీధిలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన రెండు ముక్కలనీ చూశాడు. తల కొంచెం పక్కకి వంచి చూశాడు. కిటికీ వైపు జరిపి చూశాడు. ఒకటి తీసి, నవ్వుతూ అందించాడు.

ఆకుపచ్చది.

ఆమె అందుకుని వేళ్ల మధ్య తిప్పింది. మాట్లాడితే ఏడుపొస్తుందని తెలుసు.

తండ్రి ముఖం మీద నవ్వు అలాగే ఉంది గానీ దాని కింద మనిషి లేడు.

“అది కాదా?” అన్నాడు.

ఆ చిన్న ప్రశ్న విని పిచ్చుక స్టూలు లాక్కుని కూర్చుంది. మనుషుల్ని చూసి, యంత్రాల్ని చూసి, ఎత్తుల్ని చూసి ఎన్నడూ బెదరని నాన్న, తన చేతిలోని వైరు ముక్కని చూసి బెదిరిపోతున్నాడు.

“ఎప్పట్నించి?”

“మాత్రలు మొదలెట్టిన కొన్నాళ్లకి. ముందు ఎరుపు మాసినట్టు కనపడింది. చొక్కా మాసిందనుకున్నా. తర్వాత ఆకుపచ్చా అంతే. ఇప్పుడు రెండూ ఒకటే మట్టిరంగు.”

“డాక్టరమ్మకి చెప్పావా?”

“ఈ మాత్రలతో కళ్లు దెబ్బతినొచ్చనీ, రంగులు తేడాగా కనిపిస్తే మర్నాడే రమ్మనీ ఆవిడ మొదట్లోనే చెప్పింది.”

“మరెందుకు వెళ్లలేదు నాన్నా!”

“వెళితే ఆ మందు ఆపేస్తారు. జబ్బు తిరగబెడితే?” కాస్త ఆగాడు. “అదీగాక... నాలుక చచ్చిన వంటవాణ్ని ఎవరైనా పందిట్లోకి పిలుస్తారటే?”

“మనిషి పోయేవాడు. నా మొగుడు పోయేవాడు.”

“తెలుసు.”

“పొద్దున ఆ మనిషిని కూర్చోబెట్టి అబద్ధాలకోరుని చేశావు.”

“అప్పుడు తెలీదే! ఒట్టు. టెస్టర్ నాకు వెలగలేదు పిచ్చుకా. నాకు వెలగలేదు.”

ఆ మాట నిజమేనని ఆమెకి తెలుసు. పగటి వెలుతుర్లో అంత చిన్న ఎర్రదీపం ఎరుపు పోయిన కళ్లకి ఎలా వెలుగుతుంది? కోపం ఎక్కడ పెట్టాలో తెలియక వైరు ముక్కని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కొంతసేపటికి ఆమెలోని పనిమంతురాలు మేలుకుంది.

“ఇన్నాళ్లూ మరెలా కలిపావు? ఒక్కటీ తప్పు పోలేదే.”

“వరుస చూసి. కేబుల్ కొయ్యగానే లోపలి వైర్లు ఏ వరుసలో ఉంటాయో నాకు కంఠతా వచ్చు. నలుపు, పసుపు, నీలం కనపడతాయి. నల్లదాని పక్కది ఎరుపు. ఇంక మిగిలింది ఎర్తు.”

పిచ్చుక చూపు మూలనున్న కేబుల్ చుట్ట మీద పడింది. పాతది అయిపోతే ఈమధ్యనే తెచ్చిన చుట్ట. వేరే కంపెనీది.

లేచి వెళ్లి కొస కోసింది. పైతోలు చీల్చింది. నల్లదాని పక్కన ఆకుపచ్చ వైరు తొంగిచూసింది.

తండ్రి వైరు వంక చూడటం లేదు. ఆమె ముఖం వంక చూస్తున్నాడు.

“మారిందా?”

“మారింది. పెట్టె వైపు నేను రంగు చూసి బిగించాను. ఆర్చి వైపు నువ్వు వరుస చూసి బిగించావు.” అంటూ ఉండగానే ఆమె చూపు మళ్లీ చుట్ట మీదకి పోయింది. “నాన్నా, ఈ చుట్ట ఇంకెక్కడ వాడావు?”

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

“ఎక్కడ నాన్నా?”

“ఆసుపత్రిలో.”

కిటికీ బయట వెలుతురు పలచబడింది. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి.

“అక్కడ ట్రిప్ స్విచ్ పెట్టావా?”

“అక్కడిది పాత మెయిన్ పెట్టె కదే... దాన్లో చోటు లేదు. తర్వాత పెడదామని...”

“ఆర్చి దేని మీద నిలబెట్టావు?”

“నిలబెట్టలేదు.” మేస్త్రి లేచి నిలబడ్డాడు. దండ ఒళ్లోంచి జారి బల్బులు గచ్చు మీద పగిలాయి. “గాలికి కదలకుండా... ర్యాంపు రెయిలింగ్‌కి కట్టాను.”

రోగులు ఎక్కడానికి వేసిన ర్యాంపు అది. కాళ్లలో బలం లేనివాళ్లు, ఒంటిచేతి వాళ్లు అందరూ ఆ స్టీలు రెయిలింగ్ పట్టుకునే ఎక్కుతారు.

పిచ్చుక మొగుడికి ఫోన్ చేసింది. గోడ అవతల వాళ్ల గదిలో, దిండు కింద, అది మోగింది. తల్లికి ఫోనే లేదు.

ఆసుపత్రి నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తారు.

“రిసెప్షన్. కాస్త గట్టిగా మాట్లాడండి, ఇక్కడ గోలగా ఉంది.”

“సిస్టర్, లైట్లు వేశారా?”

“మేస్త్రిగారి అమ్మాయా? ఇప్పుడే వేశారమ్మా! పెద్ద డాక్టరుగారే స్విచ్ నొక్కారు. ముందంతా కడిగించి, ముగ్గురు నలుగురు కలిసి...”

“మెయిన్ ఆపండి! రెయిలింగ్‌లో కరెంటు ఉంది. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి!”

“ఏమిటీ? ఈ చప్పట్లలో సరిగ్గా...”

“కరెంటు సిస్టర్! రెయిలింగ్‌లో కరెంటు! మెయిన్ ఆపమనండి!”

అవతల కుర్చీ కిర్రుమంది. రిసీవర్ బల్ల మీద పడ్డ చప్పుడు. పరిగెత్తే అడుగులు. ఎవరో “ఆపండి, ఆపండి” అని అరవడం. చప్పట్లు ఒక మూల తగ్గి, మరో మూల తగ్గి, పూర్తిగా ఆగిపోయాయి.

పిచ్చుక ఫోను చెవికి అదిమి పట్టుకుంది. ఎదురుగా తండ్రి రెండు చేతులూ గుండెలకి ఆనించుకుని నిలబడ్డాడు.

అంత దూరం నుంచి, ఆ నిశ్శబ్దంలోంచి, తల్లి గొంతు వినిపించింది. ఎవర్నో లేపుతున్నట్టు, మెత్తగా, వదలకుండా.

“బాబూ... ఇటు చూడండి బాబూ... కళ్లు తెరవండి...”

“ఆపేశారా?” అన్నాడు మేస్త్రి. “పిచ్చుకా, ఆపేశారా?”

“ఆపేశారు నాన్నా,” అంది ఆమె.